బెజ్జం పెట్టకుండా బోల్టు

ఫైబర్ బోటు ఉన్నవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్న ఇది: "లోపల ఏదైనా బిగించాలంటే పడవకు బెజ్జం పెట్టి తీరాలా? జిగురుతో అంటిస్తే నిలుస్తుందా?" బిగించాల్సింది బ్యాటరీ పెట్టె దొర్లకుండా ఆపే పట్టీ కావచ్చు, పెట్రోలు డబ్బాను కట్టుకునే కొక్కెం కావచ్చు, వైర్లు వేలాడకుండా పట్టుకునే క్లిప్పులు కావచ్చు. అడిగేవాడి చేతిలో డ్రిల్లు మిషను ఉంటుంది. ఎదురుగా అంగుళం మందం కూడా లేని గోడ, దాని అవతల సముద్రం.

2004 డిసెంబరు సునామీ తర్వాత మన తీరంలో ఫైబర్ బోట్లు బాగా పెరిగాయి. అంతకుముందు చెక్క నావలు చేసిన వడ్రంగికి ఈ భయం ఇంతగా లేదు. చెక్క నీళ్లు తాగి ఉబ్బుతుంది, కొట్టిన మేకు చుట్టూ బిగుసుకుంటుంది. ఈ కోస్తాలో అలలకు ఎదురెళ్లిన మసూలా పడవలకైతే అసలు మేకులే లేవు. పలకల అంచుల వెంట వరసగా బెజ్జాలు పెట్టి కొబ్బరి తాడుతో కుట్టేవారు. కుట్ల సందుల్లోంచి నీళ్లు ఊరితే తోడి పోసుకునేవారు. ఫైబరు ఉబ్బదు. దానికి పెట్టిన బెజ్జం ఎప్పటికీ పెట్టినంతే ఉంటుంది.

జిగురు మీద అపనమ్మకం సహజమే. అయితే ఆ అపనమ్మకంతో నిలబడ్డ మనిషి కాళ్ల కింద ఉన్నదేమిటో చూడండి. గాజు పోగులతో చేసిన మ్యాట్, దాన్ని తడిపి గట్టిపడిన రెజిన్. మ్యాట్‌తో చేసిన పడవ బరువులో గాజు సుమారు మూడో వంతు. మిగతా రెండు వంతులూ రెజినే, అంటే జిగురే. మనిషి అప్పటికే జిగురుతో చేసిన వస్తువులో కూర్చుని సముద్రం మీదికి పోతున్నాడు. కనుక జిగురు నిలుస్తుందా అన్న అనుమానం తీరిపోయినట్టే. అది ఎలాంటి లాగుడుకు నిలుస్తుంది, ఎలాంటి గోడ మీద నిలుస్తుంది అన్నవే అసలు ప్రశ్నలు.

ఒక్క బెజ్జమే కదా అంటే

ముందు బెజ్జం పక్షాన ఒక మాట చెప్పాలి. సీలెంటు బాగా పెట్టి బిగించిన బోల్టులు ఏళ్ల తరబడి చుక్క నీరు రానివ్వకుండా ఉన్న పడవలు ఎన్నో ఉన్నాయి. చిక్కంతా ఆ సీలెంటు పాతబడ్డాక మొదలవుతుంది. నీటిమట్టానికి 30 సెంటీమీటర్ల కింద 6 మిల్లీమీటర్ల బెజ్జం ఒకటి పూర్తిగా తెరుచుకుందనుకుందాం. లెక్క వేస్తే గంటకు 150 లీటర్ల నీరు లోపలికి వస్తుంది. అంటే పది బిందెలు. మనిషి ఉంటే తోడేస్తాడు. రాత్రి ఒడ్డున కట్టేసి ఇంటికి పోతే తోడేదెవరు?

కనిపించని నష్టం ఇంకొకటి ఉంది. ఫైబర్ గోడలో బరువు మోసేవి గాజు పోగులు. డ్రిల్లు వాటిని తెంపుతుంది. తెగిన పోగుల మీది భారం బెజ్జం పక్కనున్న పోగుల మీద పడుతుంది. లోహపు రేకుకు గుండ్రటి బెజ్జం పెడితే దాని అంచున ఒత్తిడి మామూలుకు మూడు రెట్లవుతుంది. పోగులన్నీ ఒకే దిక్కుకు పరిచిన ఫైబరులో ఆ దిక్కున లాగితే అంతకన్నా ఎక్కువే కావచ్చు. కేంబ్రిడ్జి ఇంజినీరు చార్లెస్ ఇంగ్లిస్ 1913లో లండన్‌లోని నౌకా నిర్మాతల సంస్థకు సమర్పించిన పత్రంలో దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. బెజ్జం కోసుగా మారేకొద్దీ దాని కొన దగ్గర ఒత్తిడి విపరీతంగా పెరుగుతుందని లెక్కగట్టి చూపాడు. ఓడల ఉక్కు రేకులు ఎక్కడో మూల నుంచి ఎందుకు చీలుతాయో దానితో అర్థమైంది. మొద్దుబారిన డ్రిల్లు బిట్టుతో, చేయి వణుకుతూ పెట్టిన బెజ్జం అంచు ఎన్ని చిన్న చిన్న కోసులతో ఉంటుందో ఊహించుకోవచ్చు.

మూడోది తడి. తెగిన పోగుల కొసలు బెజ్జం గోడలో బయటపడి ఉంటాయి. నీరు పోగు వెంట, పోగుకూ రెజిన్‌కూ మధ్య సన్నగా పాకుతుంది. కొన్ని పడవల గోడ రెండు పొరలుగా ఉండి నడుమ బాల్సా చెక్క ఉంటుంది. అలాంటి పడవకు లోపలి పొర ఒక్కటే తూటు పడినా ఆ చెక్కకు తడి చేరి కుళ్లు మొదలవుతుంది. పైకి చూస్తే ఏమీ తెలియదు. ఏ రెండేళ్లకో కాలు పెట్టినచోట మెత్తగా దిగుతుంది.

జిగురుకు నచ్చే లాగుడు, నచ్చని లాగుడు

నుదుటి మీది స్టిక్కర్ బొట్టును వేలితో పక్కకు తోసి చూడండి. చర్మం సాగుతుందే తప్ప బొట్టు ఊడదు. అదే బొట్టు అంచు కిందికి గోరు దూరిస్తే క్షణంలో చేతికి వస్తుంది. బొట్టు అదే, జిగురు అదే, చర్మమూ అదే. పక్కకు తోసినప్పుడు జిగురు మొత్తం ఒకేసారి ఎదురు నిలిచింది. అంచు ఎత్తినప్పుడు ఒక సన్నటి గీత మీద మాత్రమే జిగురు పోరాడింది. ఆ గీత ఓడింది, పక్క గీత వంతు వచ్చింది, అదీ ఓడింది. మొదటి రకాన్ని ఈ పుస్తకంలో జారుడు అందాం, రెండోదాన్ని ఒలుపు అందాం.

అంకెలు చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. మంచి ఎపాక్సీ జారుడులో చదరపు సెంటీమీటరుకు 100 కిలోల వరకు ఓర్చుకోగలదు. ఐదు సెంటీమీటర్ల చదరపు పలకను అంటిస్తే కాగితం మీద రెండున్నర టన్నులు. అదే పలకను అంచు పట్టుకుని ఒలిస్తే, ఒలిచే గీత పొడవులో సెంటీమీటరుకు కొన్ని కిలోలకే లేచి వస్తుంది. జిగురు డబ్బా మీద పెద్ద అక్షరాలతో వేసే అంకె ఎప్పుడూ మొదటిదే. డబ్బాను చూసి నమ్మినవాడి పలకలు ఊడేది ఒలుపుతో.

జారుడులోనూ ఒక మెలిక ఉంది. రెండు రేకుల్ని ఒకదానిమీద ఒకటి వేసి అతికించి లాగితే భారం జిగురంతటా సమానంగా పరుచుకోదు. రెండు కొసల దగ్గరే పోగుపడుతుంది, మధ్య భాగం దాదాపు సెలవులో ఉంటుంది. జర్మన్ ఇంజినీరు ఓలాఫ్ ఫోల్కర్సన్ 1938లో దీన్ని లెక్కగట్టాడు. అంచును నిలువుగా వదిలేయకుండా ఏటవాలుగా చెక్కి పలచబరిస్తే ఆ పోగు తగ్గుతుంది. బ్రిటన్‌లో 1996లో వచ్చిన లోటస్ ఎలీజ్ కారు చట్రం అల్యూమినియం ముక్కల్ని ఎపాక్సీతో అతికించి చేసిందే. అయినా అతుకుల దగ్గర అక్కడక్కడ స్క్రూలు బిగించారు. ఆ స్క్రూల పని చట్రాన్ని మోయడం కాదు, అతుకు అంచు ఒలుచుకుపోకుండా చూడడం.

ఇప్పుడు పడవలోకి వద్దాం. మన తీరంలో ఒడ్డు నుంచి అలల్ని చీల్చుకుంటూ పోయే బోటు అడుగు ప్రతి దెబ్బకూ లోపలికి వంగి మళ్లీ వెనక్కి వస్తుంది. వంగని గట్టి పలక ఒకటి ఆ వంగే గోడకు అంటుకుని ఉంటే దెబ్బదెబ్బకూ దాని అంచు కింద గోరు దూరుతున్నట్టే. పైగా పలక మీద బోల్టు నిటారుగా నిలబడి, దాని కొనకు బ్యాటరీ బరువు వేలాడుతుంటుంది. పడవ పక్కకు ఒరిగితే బోల్టు పలకను ఒక పక్క నుంచి ఎత్తుతుంది. ఇక్కడ ఉపయోగపడే లెక్క ఒకటుంది. గట్టిగా ఉండే చదరపు పలక పక్కను రెట్టింపు చేస్తే, అంతే బోల్టుకు, అంతే తోపుకు, అంచు దగ్గరి లాగుడు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఐదు సెంటీమీటర్ల ముక్క పెట్టి ఖరీదైన జిగురు వాడే బదులు పది సెంటీమీటర్ల ముక్క పెట్టి మామూలు ఎపాక్సీ వాడడం తెలివైన పని.

గోడ శుభ్రంగా ఉందని ఎవరు చెప్పారు?

ఊడిపోయిన పలకను తిప్పి చూస్తే చాలాసార్లు జిగురంతా పలకకే ఉంటుంది, పడవ గోడ మాత్రం నున్నగా మెరుస్తుంటుంది. అంటే జిగురు తెగలేదు, గోడను పట్టుకోనే లేదు.

పడవను అచ్చులో పోస్తారు. బయటి మెరుపు పొర ముందు, ఆ తర్వాత లోపలికి మ్యాట్, రెజిన్, మళ్లీ మ్యాట్. మనం పలక అంటించే లోపలి ముఖం అన్నిటికన్నా చివర గాలికి తెరుచుకుని ఆరింది. మామూలు పాలియెస్టర్ రెజిన్‌కు గాలిలో ఆక్సిజన్ తగిలితే పైపొర సరిగా గట్టిపడదు, చేతికి అంటుకుంటుంది. అందుకని చివరి పూతలో కొంచెం పారాఫిన్ మైనం కలుపుతారు. అది పైకి తేలి పల్చటి పొరలా పరుచుకుని గాలిని అడ్డుకుంటుంది, రెజిన్ గట్టిపడుతుంది. పని అయ్యాక ఆ మైనం అక్కడే ఉండిపోతుంది. కంటికి కనిపించదు. దాని మీద ఏళ్ల తరబడి చేపనూనె, ఇంజిన్ ఆయిలు, ఉప్పు.

శుభ్రం చేయడంలో వరస ముఖ్యం, చాలామంది తప్పేది ఇక్కడే. ముందు మంచినీళ్లతో, సబ్బుతో ఉప్పూ జిడ్డూ కడగాలి, ఆరనివ్వాలి. ఆ తర్వాత తెల్లటి గుడ్డను ఎసిటోన్‌లో తడిపి ఒకే వైపుకు తుడవాలి, ప్రతి తుడుపుకూ గుడ్డ మడత మార్చాలి. మైనం పోయాక మాత్రమే 60 లేదా 80 నంబరు శాండ్‌పేపర్ పట్టాలి. ముందే రుద్దితే మైనం ఆ గీతల లోపలికి కూరుకుపోతుంది, తర్వాత ఎసిటోన్ కూడా దాన్ని బయటికి తీయలేదు. మెరుపు పూర్తిగా పోయి గోడ మబ్బుగా కనిపించేదాకా రుద్ది, దుమ్ము దులిపేయాలి. పెయింటు ఉంటే అదీ గీకేయాల్సిందే. జిగురు పెయింటును ఎంత గట్టిగా పట్టుకున్నా లాభం లేదు, గోడను పట్టుకుని ఉన్నది పెయింటే కనుక.

శుభ్రమైందో లేదో చెప్పడానికి మంచి పరీక్ష నీళ్లదే. నాలుగు చుక్కలు చల్లితే అవి ముత్యాల్లా ఉండలు కట్టకుండా పల్చటి పొరగా పరుచుకోవాలి. నీటిని దగ్గరికి రానివ్వని గోడ జిగురునూ రానివ్వదు. కొన్ని ప్లాస్టిక్కుల స్వభావమే అంత. పాలిథీన్‌తో చేసిన కయాక్‌కు ఎంత రుద్దినా ఎపాక్సీ సరిగా పట్టదు. ఆ విషయంలో ఫైబర్ బోటువాళ్లు అదృష్టవంతులు.

ఏ జిగురు? పాత ఫైబరు మీద కొత్త పాలియెస్టర్ రెజిన్ వేస్తే అది గట్టిపడేటప్పుడు 5 నుంచి 8 శాతం దాకా కుంచించుకుపోయి అతుకును తనే లాగుతుంది. ఎపాక్సీ కుంచించుకోవడం చాలా తక్కువ, పట్టు ఎక్కువ. ఒకటి గుర్తుంచుకోవాలి: పాలియెస్టర్ మీద ఎపాక్సీ బాగా పడుతుంది, ఎపాక్సీ మీద పాలియెస్టర్ సరిగా పట్టదు. ఎపాక్సీతో మొదలుపెట్టిన చోట ఎపాక్సీతోనే ముగించాలి. వైరు క్లిప్పుల్లాంటి తేలిక వస్తువులకు రబ్బరులా సాగే పాలీయురేథేన్ సీలెంటు చాలు. సాగుతుంది కనుక ఒలుపుకు ఎపాక్సీ కన్నా బాగా ఓర్చుకుంటుంది కూడా.

బోల్టుకు పాదం కట్టడం

బజారులో ఇందుకోసం చేసిన బోల్టులు దొరుకుతాయి. పల్చటి స్టీలు బిళ్ల, దాని నిండా చిన్న చిన్న రంధ్రాలు, మధ్యలో నిలబెట్టిన బోల్టు. బిళ్లను జిగురులో అదిమితే రంధ్రాల గుండా జిగురు పైకి ఉబికి బిళ్ల మీద చిన్న గొడుగుల్లా పరుచుకుని గట్టిపడుతుంది. అప్పుడు ఉన్నది అతుకు ఒక్కటే కాదు, డజన్ల కొద్దీ జిగురు రివిట్లు కూడా.

అవి దొరకకపోతే 12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ ముక్క చాలు. గుండ్రంగా కోయడం మేలు. చదరంగా కోస్తే మూలలు కొట్టేయాలి. పై అంచును చుట్టూ ఏటవాలుగా చెక్కాలి. మధ్యలో బెజ్జం పెట్టి (చెక్కకు పెట్టుకోవచ్చు, పడవకే వద్దన్నది), అడుగున బోల్టు తల మునిగేంత గుంట తవ్వి, బోల్టును కింది నుంచి పైకి దూర్చాలి. తల చెక్క కింద ఇరుక్కుని ఉంటుంది. ఎంత లాగినా చెక్కను చీల్చుకుని రావాలే తప్ప జారి రాదు. చెక్క అన్ని ముఖాలకూ, ముఖ్యంగా కోసిన అంచులకు, పల్చటి ఎపాక్సీ పట్టించాలి. లేకపోతే ప్లైవుడ్ తడి పీల్చి పొరలు పొరలుగా విడిపోతుంది. స్టెయిన్‌లెస్ బోల్టుకు జిగురు సందు లేకుండా పట్టించాలి. ఆ స్టీలును తుప్పు నుంచి కాపాడే క్రోమియం ఆక్సైడ్ పొర నిలవాలంటే ఆక్సిజన్ కావాలి. గాలి ఆడని సందులో ఉప్పునీరు నిలిస్తే స్టెయిన్‌లెస్సూ గోధుమరంగు కారుస్తుంది.

అంటించేటప్పుడు బలమంతా పెట్టి నొక్కకూడదు. నొక్కితే జిగురంతా పక్కలకు పోయి మధ్యలో ఏమీ మిగలదు. కరెంటు వైరులోని సన్నటి రాగి పోగు తీసి, నాలుగు చిన్న ముక్కలు చేసి పలక కింద వేస్తే ఆ మందం మేర జిగురు తప్పకుండా నిలుస్తుంది. చుట్టూ జిగురు సమానంగా ఉబికి వచ్చిందంటే లోపల ఖాళీ లేదని గుర్తు.

ఆపై పనే అతుకు ఆయుష్షును నిర్ణయించేది. ఎపాక్సీలో సిలికా పొడి కలిపి, గరిట మీద నుంచి జారనంత చిక్కటి పుట్టీ చేయాలి. పలకా గోడా కలిసే మూల చుట్టూ పెట్టి, చెంచా వీపుతో ఒక్క ఊపులో లాగితే నిలువు మూల నున్నటి వంపుగా మారుతుంది. గాజు గుడ్డ నిటారు మూలలో ఒదగదు, గాలి బుడగ పట్టేస్తుంది. వంపు మీద చక్కగా పరుచుకుంటుంది. పుట్టీ పూర్తిగా గట్టిపడక ముందే దాని మీద మూడు పొరల గాజు గుడ్డ వేయాలి, ఒక్కో పొర కిందిదానికన్నా రెండున్నర సెంటీమీటర్లు బయటికి రావాలి. గట్టిపడని పుట్టీ మీద వేసిన పొర దానితో రసాయనికంగా కలిసిపోతుంది. మర్నాడు వేస్తే మళ్లీ రుద్దుడు, మళ్లీ తుడుపు. మెట్లు మెట్లుగా పలచబడే ఈ అంచు వల్ల గోడ వంగినప్పుడు వంపు ఒకే గీత మీద విరుచుకుపడదు. మందపాటి పలకను మొండి అంచుతో వదిలేస్తే అతుకు నిలిచినా, పలక అంచు దగ్గరే గోడ మళ్లీ మళ్లీ వంగి బయటి మెరుపు పొర మీద సన్నటి పగుళ్లు వస్తాయి.

ఇంత చేసినా దీనికి అప్పగించకూడని పనులున్నాయి. లంగరు తాడు కట్టే గుంజ, అవుట్‌బోర్డ్ ఇంజిన్, పడవను ఒడ్డుకు లాగే కొక్కెం, వీటికి గోడ గుండా బోల్టు, అవతల పెద్ద వాషరు ఉండాల్సిందే. ఒక ప్రాణమో ఒక పడవో ఆధారపడ్డ చోట అతుకును ఒంటరిగా నమ్మడం నాకు ఇష్టం లేదు.

మే నెలలో ఎపాక్సీ

జిగురు డబ్బా మీది సూచనలు చాలావరకు చల్లటి దేశాల లెక్కలు. ఎపాక్సీ గట్టిపడే వేగం పది డిగ్రీలకు సుమారు రెట్టింపవుతుంది. 25 డిగ్రీల దగ్గర అరగంట ఆగే మిశ్రమం 40 డిగ్రీల దగ్గర పది పన్నెండు నిమిషాలే ఆగుతుంది. గ్లాసులో ఎక్కువ కలిపి ఉంచితే సొంత వేడికి ఇంకా తొందరపడి పొగలు కక్కుతుంది. కలిపిన వెంటనే వెడల్పాటి పళ్లెంలో పల్చగా పోసుకోవడమే మందు.

సాయంత్రం పూట పని మొదలుపెట్టడం మంచిది, అందులో వడ్రంగులకు తెలిసిన కిటుకు ఒకటుంది. ఉదయం వేడెక్కుతుండగా చెక్కకు ఎపాక్సీ పట్టిస్తే లోపలి గాలి వ్యాకోచించి బుడగలుగా బయటికి వస్తుంది. సాయంత్రం చల్లబడుతుంటే ఆ గాలే కుంచించుకుని ఎపాక్సీని లోపలికి పీల్చుకుంటుంది. మంచు పడకముందే ముగించాలి. తేమగాలిలో ఆరిన ఎపాక్సీ పైన జిడ్డుపొర కడుతుంది, మళ్లీ పూత వేసేముందు దాన్ని నీళ్లతో కడిగేయాలి.

గది వేడికి ఆరిన ఎపాక్సీలు చాలావాటికి 50, 60 డిగ్రీల దగ్గర పట్టు సడలడం మొదలవుతుంది. ముదురు రంగు వేసిన పడవ ఎండలో ఒడ్డున ఉంటే ఆ వేడి అందుకోవడం పెద్ద విశేషం కాదు. తెల్ల రంగు వేసుకోవడానికి అదొక కారణం. ఇక పాలియెస్టర్ వాడేవాళ్లకు హార్డనర్ గురించి ఒక హెచ్చరిక: అది కంట్లో పడితే చూపు పోవచ్చు. రెజిన్ త్వరగా గట్టిపడడానికి కలిపే కోబాల్ట్ ద్రావణాన్నీ హార్డనర్‌నూ నేరుగా ఒకదానిలో ఒకటి పోస్తే పేలుతుంది. కోబాల్ట్‌ను ముందు రెజిన్‌లో బాగా కలిపేశాకే హార్డనర్ పోయాలి.

గోడ గుండా వినేది

బెజ్జం లేకుండా అంటించే వస్తువుల్లో నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది చేపల జాడ చూపే ఎకో సౌండర్ ముక్క. అది శబ్దం పంపి, నేల నుంచో చేపల గుంపు నుంచో తిరిగొచ్చే ప్రతిధ్వనిని వింటుంది. నీటిని తాకకుండా ఎలా వింటుందని అనుమానం రావచ్చు. గట్టి ఫైబర్ గోడ గుండా శబ్దం కొంత తగ్గినా దాటిపోతుంది. దానికి గిట్టనిది గాలి. శబ్దానికి నీరు ఇచ్చే అడ్డుకూ గాలి ఇచ్చే అడ్డుకూ తేడా మూడున్నర వేల రెట్లు పైనే, అందుకే గాలి కనిపించగానే శబ్దం దాదాపు అంతా వెనక్కి తిరిగిపోతుంది. జిగురులో పల్లీ గింజంత బుడగ ఉన్నా సౌండర్‌కు ఆ మేర గుడ్డితనమే. మధ్యలో బాల్సా చెక్కో ఫోమో ఉన్న గోడ మీద ఇది పనికిరాదు, వాటి నిండా గాలి గదులే కనుక.

అందుకని అంటించే ముందు చోటు వెతకాలి. పడవను నీళ్లలో దించి, లోపల అడుగున నాలుగు వేళ్ల లోతు నీళ్లు పోసి, ముక్కను అందులో మునిగేలా గోడకు ఆనించి తెర చూడాలి. నేల స్పష్టంగా కనిపించిన చోట పెన్సిలుతో గీత గీసుకుని, నీళ్లు తోడేసి, ఆరబెట్టి, పైన చెప్పిన తుడుపూ రుద్దుడూ మొదలుపెట్టాలి. ఇక్కడ మాత్రం ఎపాక్సీలో పొడులేవీ కలపకూడదు, కలిపితే వాటితోపాటు గాలీ చేరుతుంది. జిగురును నెమ్మదిగా, నురగ రాకుండా కలిపి, మధ్యలో కుప్పగా పోసి, ముక్కను కొద్దిగా తిప్పుతూ అదమాలి. బుడగలన్నీ పక్కలకు పోతాయి.

లోతు చూపిస్తుంది, చేపల్ని చూపిస్తుంది. నీటి ఉష్ణోగ్రత మాత్రం ఫైబరు అవతల నుంచి తెలియదు, చూపినా అది పడవ అడుగు వేడే. అది కావాలంటే ఉష్ణోగ్రత కొలిచే ముక్కను వెనక గోడకు బయటివైపు బిగించుకోవాలి, దానికి రెండు స్క్రూ బెజ్జాలు తప్పవు.